గంగిరెడ్డితో రాజీ

సుందరమ్మ మొదటి తప్పు బోర్డు రాయించడంలోనే చేసింది. "కంటి కదలికల ద్వారా మనసు గాయాలకు చికిత్స" అని నీలం అక్షరాలతో రాయించి ప్రొద్దుటూరులో తన అద్దె గది ముందు తగిలించింది. ఇంకేముంది, మొదటి వారంలోనే పద్నాలుగు మంది ముసలివాళ్ళు శుక్లాలు తీయించుకుందామని వచ్చి కూర్చున్నారు. ఒకాయనైతే ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, "అదంతా సరేలే తల్లీ, అద్దాలు ఎప్పుడిస్తావు?" అని అడిగాడు.

జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టిన మనిషి సుందరమ్మ. తాత బైబిలు బోధకుడు, తండ్రి బడిపంతులు, తను ఇరవై రెండేళ్ళు నర్సు. నలభై అయిదో ఏట పట్టుపట్టి మనస్తత్వశాస్త్రం చదివి, బెంగళూరులో డాక్టర్ దయానందం దగ్గర ఈ కొత్త వైద్యం నేర్చుకుంది. చూడడానికి అది పిల్లల ఆటలాగే ఉంటుంది. రోగి తనను పీడించే పాత సంగతిని మనసులో తలుచుకోవాలి. ఎదురుగా వైద్యురాలు రెండు వేళ్ళు అటూ ఇటూ ఊపుతుంటే తల తిప్పకుండా కళ్ళతో వాటిని వెంబడించాలి. కొంతసేపు అలా చేసి, ఆగి, ఏం తోచిందో చెప్పాలి. మళ్ళీ చెయ్యాలి. చేయగా చేయగా ఆ సంగతి గుర్తుంటుంది గానీ కరవడం మానేస్తుంది. ఎందుకలా జరుగుతుందని ఎవరైనా అడిగితే సుందరమ్మకు కోపం వచ్చేది. జ్వరం మాత్ర వేసుకునేటప్పుడు అడుగుతున్నారా ఎందుకు తగ్గుతుందని?

రెండువేల ఆరులో, మాఘమాసం ఎండలు మొదలవుతున్నప్పుడు, ఆదినారాయణ తన అన్న కూతురు అలివేలమ్మను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎడమకాలు కుంటి. ఆ కాలు ఎట్లా పోయిందో సింహాద్రిపురం చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఒకప్పుడు ముఠా మనిషి, ఇప్పుడు పార్టీ మనిషి. పనిలో పనిగా గొడవలు పడ్డ ఊళ్ళకు రాజీలు చేసి పెడుతుంటాడు. అలివేలమ్మకు ముప్పై ఏళ్ళు. ప్రొద్దుటూరులోనే కాపురం. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. భర్త నారాయణ లారీ డ్రైవరు, నెలలో పదిరోజులు ఇంట్లో ఉంటే గొప్ప.

"ఈ పిల్లలో ముగ్గురుండారు సిస్టరమ్మా," అన్నాడు ఆదినారాయణ కూర్చుంటూనే. "ఒకటి ఈయమ్మి. ఇంకొకటి ఆరేండ్ల పాప, చిట్టి అంటాది. మూడో ఆయప్ప గంగిరెడ్డి. ఆ పేరు ఆయప్పే చెప్పుకున్యాడు, మా ఇంట్లో ఎవరిదీ కాదు. ఆయప్ప వచ్చినాడంటే గొంతు మారిపోతాది, నన్ను ఏంరా అంటాడు. దర్గాలో తాయెత్తు కట్టించినాం. భూతవైద్యుడు యాపమండలతో కొట్టినాడు. మీ వాళ్ళ ప్రార్థనకు గూడా పోయినాం. పాస్టరు నెత్తిన చెయ్యిపెట్టి గంటసేపు అరిసినాడు. గంగిరెడ్డి పోలేదు. పాస్టరునే తిట్టినాడు."

అలివేలమ్మ తలొంచుకుని చీరకొంగు మడతలు పెడుతూ కూర్చుంది. ఆమెకు ఈ గంగిరెడ్డి సంగతి ఇతరులు చెబితే తెలిసిందే. తనకు తెలిసిందల్లా మధ్యమధ్యలో పొద్దు మాయమైపోతుంది. పొయ్యి మీద పప్పు పెట్టి ఇటు తిరిగితే సాయంత్రం అయిపోయి ఉంటుంది.

"నువ్వు చెప్పమ్మా, నీకేం కావాల?" అంది సుందరమ్మ.

"నా బిడ్డ కావల్ల," అంది అలివేలమ్మ.

మిగతాది చిన్నాయన చెప్పాడు. కార్తీకమాసంలో వాళ్ళ వీధిలో లారీ టైరు పేలింది. ఆ చప్పుడుకు గంగిరెడ్డి వచ్చాడు. అయిదేళ్ళ కూతురు భార్గవిని చంకనేసుకుని, బియ్యం మూటల వెనక కూర్చోబెట్టి, నోరు మూసి, సాయంత్రం దాకా కదలనివ్వలేదు. పక్కింటి గులాబ్‌బీ వెతికి తీసేసరికి పాప ఏడవడానికి కూడా భయపడుతోంది. అత్త పెంచలమ్మ జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి ఆ రాత్రికే వచ్చి మనవరాలిని తీసుకుపోయింది. ఈసారి వాళ్ళ ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. పెంచలమ్మ నిలబడుతోంది. "పంచాయతీ ఎలచ్చన్లు అయిపోయేలోపల బాగుచేసుకొని రా. లేకుంటే పాప నా దగ్గరే పెరుగుతాది," అని కోడలికి తేల్చి చెప్పింది. నారాయణ తల్లి ముందర తల్లికీ, పెళ్ళాం ముందర పెళ్ళానికీ తలూపి లారీ ఎక్కాడు.

పెంచలమ్మను తప్పుపట్టడానికి లేదు. సుందరమ్మకు అదే బాధగా ఉంది.

ఈ జబ్బు సంగతి ఆమె చదువుకుంది. పసితనంలో మోయలేని కష్టం మళ్ళీ మళ్ళీ మీద పడితే, మనసు ఒక్కటిగా ఎదగలేదు. అన్నదమ్ములు ఇంటికి అడ్డగోడలు కట్టుకున్నట్టు గదులు గదులుగా విడిపోతుంది. ఒకరి గదిలో ఏముందో ఇంకొకరికి తెలియదు. బెంగళూరుకు ఫోను చేస్తే దయానందం ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ఈ జబ్బుకు ముందే వేళ్ళు ఊపవద్దు సుందరమ్మా. నెలల తరబడి పునాది వెయ్యాలి. లోపల ఉన్నవాళ్ళందరూ ఒప్పుకోవాలి." ఆమె ఊ కొట్టింది. ఊ కొడుతూనే లెక్క వేసుకుంది. ఎన్నికలు ఆగస్టులో. ఇక్కడ చూస్తే ఒక తల్లి బిడ్డ కోసం అల్లాడుతోంది, ఈయన నెలలంటాడు.

మూడు వారాలు ఊపిరి పీల్చడం, వదలడం నేర్పింది. నాలుగో వారం వేళ్ళు ఎత్తింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, సరిగ్గా అదే.

మొదటి విడత బాగానే జరిగింది. రెండో విడతకు అలివేలమ్మ మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. "గరిసెలో ఉండా," అంది చిన్నపిల్ల గొంతుతో. గరిసె అంటే ధాన్యం పోసుకునే పెద్ద వెదురుబుట్ట, మనిషి నిలబడితే మునిగిపోతాడు. సుందరమ్మ ఉత్సాహంగా ఇంకోసారి వేళ్ళు ఊపింది. ఎదురుగా ఉన్న మనిషి భుజాలు విశాలమయ్యాయి, కాళ్ళు ఎడంగా పెట్టుకుంది, చూపు మారిపోయింది.

"ఎవరినడిగి ఆ గరిసె మూత తీస్తాండావు మే?" అన్నాడు గంగిరెడ్డి. "ఆ వేళ్ళు ఇంకోసారి లేచినాయంటే ఇరగ్గొడతా."

కుర్చీ తన్నేసి వెళ్ళిపోయాడు. ఆదినారాయణ మోటారు సైకిలు తన్ని తన్ని చెమటలు కక్కేలోగా గంగిరెడ్డి ఎక్కిన పులివెందుల బస్సు వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత పుట్టింటి పల్లెలో, కూలిపోయిన పాత ఇంటి మొండిగోడ దగ్గర దొరికింది అలివేలమ్మ. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ తర్వాత పదిరోజులు నిద్ర లేదు, తిండి లేదు. జాకెట్ల గిరాకీ అంతా పక్కవీధికి పోయింది.

సుందరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. దయానందానికి ఫోను చేసి ఏడ్చింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "సరే, మొదటినుంచి మొదలుపెట్టు," అని పెట్టేశాడు.

ఆ వారంలో ఆదినారాయణ ఒక్కడే వచ్చాడు. తగాదాకే వచ్చాడనుకుంది. పడాల్సిందేలే అని సిద్ధంగా కూర్చుంది. ఆయన మాత్రం వాకిట్లో నిలబడి గదినంతా పరకాయించి చూశాడు.

"నువ్వు ఆయప్పను వాకిలికి ఈపు పెట్టి కూర్చోబెట్టినావు," అన్నాడు. "మా ఊర్లో ముప్పై ఏండ్లు ఎవ్వడూ అట్ల కూర్చోలేదమ్మా. పెండ్లి పంక్తిలో గూడా గోడకానుకునే కూర్చుంటాం. వచ్చేది ఎవరో కనపడల్ల గదా."

సుందరమ్మ కుర్చీ వైపు చూసింది. నాలుగు వారాలుగా అదే కుర్చీ, అక్కడే. పుస్తకంలో కుర్చీలు ఎంత దూరంలో వెయ్యాలో ఉంది గానీ ఈ మాట లేదు.

"ఇంకో మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. నేను పదకొండు రాజీలు చేసినా. తొమ్మిది నిలబడినాయి. చెడిపోయిన రెండూ ఎందుకు చెడిపోయినాయో తెల్సునా? పెద్దమనుషులతో మాట్లాడినా, సంతకాలు పెట్టించినా. బాంబు పట్టుకునేవాణ్ణి మాత్రం పిలవలే. వాడు ఏంది, పెద్దోళ్ళు చెప్తే వింటాడులే అనుకున్యా. సాయంత్రానికి జీపు పేలింది." గోడకానుకుని కూర్చుని, కుంటికాలు చేత్తో పట్టుకుని చాపుకున్నాడు. "ఈ కాలు పోయింది ఆ జీపులోనే. నువ్వు అలివేలునడిగినావు. గంగిరెడ్డినడిగినావా?"

"ఎట్లా అడగాల?" అంది సుందరమ్మ. ఆ ప్రశ్న అడగడానికి ఆమె సర్టిఫికెట్టు కొంచెం అడ్డం వచ్చింది గానీ, అడిగింది.

"రాజీకి ముందు ఎవరింటికి వాళ్ళింటికి పోవల్ల. ఆయన పోసింది తాగల్ల, ఆయన చెప్పింది ఇనల్ల. మొదటి రోజు రాజీ మాటే ఎత్తగూడదు. కోపం ఎవరికెక్కువ ఉంటే వాని ఇంటికే ముందు పోవల్ల. ఒక్కడు ఒప్పుకోకపోయినా అది రాజీ కాదు."

దయానందం బెంగళూరులో పదిరోజులు పాఠం చెప్పింది ఇదే. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు, ఈయన కుంటికాలు చాపుకుని చెప్పాడు. సుందరమ్మకు ఈసారి రెండు చెవులా వినపడింది.

మళ్ళీ అలివేలమ్మ వచ్చేసరికి కుర్చీ గోడకు ఆని, వాకిలికి ఎదురుగా ఉంది. సుందరమ్మ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, "గంగిరెడ్డిగారూ, లోపల ఇంటాంటే ఒక మాట," అంది. "నేను మిమ్మల్ని అడక్కుండా చెయ్యి వేసినా. తప్పు నాదే."

చాలాసేపటికి ఆ భుజాలు విశాలమయ్యాయి. గంగిరెడ్డి ముందు కుర్చీని చూశాడు, తర్వాత వాకిలిని, తర్వాత ఆమెను.

"కాఫీ తాగుతారా?" అంది సుందరమ్మ.

కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అయిపోయింది ఆయన మొహం. "రాత్రీ పగలూ కాపలా కాస్తాండా," అన్నాడు చివరికి. "ఈ పిల్లను ఎవరూ ముట్టకుండా చూస్తాండా. మీరేమో తాయెత్తులు కట్టి తరుముతారు, మండలతో కొడతారు. ఆ దెబ్బలు ఎవరికి తగిలినాయనుకున్యావు? కాఫీ తాగుతావా గంగిరెడ్డీ అని ఒక్కరన్నా అడిగిన పాపాన పోలేదు."

ఎదురుగా అబ్దుల్ సత్తార్ హోటలు నుంచి కాఫీ వచ్చింది. చక్కెర తక్కువైందని వంకపెట్టి మొత్తం తాగాడు. గంట తర్వాత అలివేలమ్మ మూతి తుడుచుకుంటూ, "నోరంతా కాఫీ కంపు ఏందక్కా? నాకు కాఫీ గిట్టదు," అంది. సుందరమ్మ నవ్వాపుకోలేకపోయింది. జరిగింది చెబితే అలివేలమ్మ మొదట బిత్తరపోయింది. తర్వాత, "పాపం, ఇన్నేండ్లు కాఫీ లేకుండా ఎట్ల ఉండినాడో," అంది. ఆ ఇంట్లో అడ్డగోడకు మొదటి కిటికీ ఆ రోజే పడింది.

రెండు నెలలు ఆమె వేళ్ళెత్తలేదు. వారం వారం కాఫీ, కబుర్లు. అసలు చిక్కు ఏమిటంటే గంగిరెడ్డి లెక్కలో అది ఇంకా వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై రెండే. సుందరమ్మ క్యాలెండరు చూపిస్తే, "అచ్చేసేవానికి ఏం, ఏదైనా ఏస్తాడు," అన్నాడు. చివరికి ఆదినారాయణను లోపలికి పిలిచింది. ఎప్పుడూ గంగిరెడ్డి రావడం, కసిరి వెళ్ళిపోవడమే గానీ ఆదినారాయణ మొహాన్ని నిదానంగా చూసింది లేదు.

"ఏంరా ఆదినారాయణా," అన్నాడు గంగిరెడ్డి నెమ్మదిగా. "తల నెరిసిపోయిందేందిరా నీకు?"

"ముసిలోన్నయితి గదన్నా. మనవళ్ళు గూడా పుట్టినారు."

"మన మీదికి జీపులేసుకొని వచ్చేవాళ్ళు?"

"కొంతమంది సచ్చిపోయిరి. వాళ్ళ నాయకుని పెద్దకొడుకూ నేనూ ఇప్పుడు ఒకే పార్టీ. మొన్న ఒకే జీపులో ఓట్లడిగేకి పోతిమి. వాడే నాకు సోడా తాపినాడు."

గంగిరెడ్డి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒకే జీపులోనా," అన్నాడు. "అట్లయితే మావాళ్ళు ఎందుకు సచ్చినట్టురా?" తొమ్మిది రాజీల మనిషి పసిపిల్లవాడిలా తల దించుకున్నాడు.

ఆషాఢంలో రాజీ కుదిరింది. గంగిరెడ్డి ఎడమచెయ్యి లేపితే వేళ్ళు ఆగిపోవాలి. చిట్టి భయపడితే ఆ రోజుకు అంతే. గంగిరెడ్డి పక్కనే ఉంటాడు, అడ్డం రాడు. అలివేలమ్మ మొత్తం వింటుంది. చిట్టిని అడిగితే పప్పుండ కావాలంది. ముగ్గురి మాటా తీసుకున్నాక సుందరమ్మ గుండె చిక్కబట్టుకుని రెండు వేళ్ళెత్తింది.

సంగతి ఇది. అలివేలమ్మకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇంటి ముందు జీపు చప్పుడైతే చాలు, తల్లి ఆమెను గరిసెలో దింపి పైన గోనెసంచి కప్పేది. "దగ్గినావంటే మీ నాయన సచ్చిపోతాడు," అనేది. నెలకోసారి, వారానికోసారి, ఒక్కోసారి పొద్దుట్నించి పొద్దుగూకే దాకా. చివరిసారి శెనక్కాయల దుమ్ము గొంతులోకి పోయి పాప దగ్గింది. ఆ సాయంత్రమే తండ్రి శవాన్ని తెచ్చి వాకిట్లో దించారు. అప్పటినుంచి అలివేలమ్మ దగ్గు ఎరగదు. జ్వరమొచ్చినా గొంతులోనే మింగేస్తుంది.

వేళ్ళు అటూ ఇటూ కదిలాయి. ఆగాయి.

"ఏం కనపడతాంది చిట్టీ?"

"చీకటి."

మళ్ళీ కదిలాయి. "నేను దగ్గినా," అంది చిట్టి, ఏడుస్తూ. ఎడమచెయ్యి కొంచెం లేచింది. సుందరమ్మ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. చెయ్యి కాసేపు గాలిలో ఉండి, తిరిగి ఒళ్ళోకి దిగింది. కానివ్వమన్నట్టే. మళ్ళీ వేళ్ళు.

"నాయన ఇంట్లో లేడు. ముద్దనూరు పోయినాడు."

"ఊ. దాంతోనే ఉండు."

మళ్ళీ.

"ముద్దనూరులోనే చంపినారంట. అక్కా, ముద్దనూరు శానా దూరం గదా?"

"దూరమే తల్లీ."

మళ్ళీ వేళ్ళు కదిలాయి. ఈసారి ఆ కళ్ళు వాటిని వెంబడిస్తూనే ఏదో లెక్క వేస్తున్నాయి. "బస్సుకు పోయినా గంట పడతాది," అంది చిట్టి, ఆరేళ్ళ పిల్లలకు ఉండే నిఖార్సయిన అనుమానంతో. "నేను దగ్గింది అంత దూరం యాడ ఇనపడతాది?"

సుందరమ్మ వేళ్ళు దించింది. చిట్టి మాట్లాడిన నోటినుంచే గంగిరెడ్డి మెత్తగా పలికాడు. "ఇనపడదులే పాపా. నీ తప్పు ఏం లేదు."

ఆ తర్వాత అలివేలమ్మ దగ్గింది. మొదట చిన్నగా, తర్వాత వంగిపోయి, గోడలదిరేట్టు. దగ్గుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది, మళ్ళీ దగ్గింది. బయట కూర్చున్న ఆదినారాయణ పిల్లకు పొలమారిందనుకుని బిందె ఎత్తుకుని కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. సగం నీళ్ళు సుందరమ్మ మీద పోశాడు.

ఇంతటితో జబ్బు కుదిరిపోయిందంటే అది అబద్ధం. ముగ్గురూ కలిసి ఒక్కరు కాలేదు. అవుతారో లేదో, అవ్వాలో వద్దో కూడా తొందరలేదన్నాడు దయానందం. కాకపోతే అడ్డగోడలకు తలుపులు పడ్డాయి. పొద్దు మాయమవడం తగ్గింది, తర్వాత ఆగింది. వీధిలో చప్పుడైతే గంగిరెడ్డి బయటికి రాకుండా లోపల్నించే, "టైరులే, చూసినా," అనేవాడు. అలివేలమ్మ ఆ మాట విని కుట్టుమిషను తొక్కుతూ పోయేది.

ఆగస్టులో పెంచలమ్మ నలభై ఒక్క ఓట్లతో గెలిచింది. మరుసటి రోజు పొద్దున్నే అలివేలమ్మ బయలుదేరింది. తోడు ఆదినారాయణ, సుందరమ్మ. జమ్మలమడుగులో బస్సు మారి, ఆటో ఎక్కి పల్లెకు చేరేసరికి పెంచలమ్మ ఇంటి ముందు ఊరంతా ఉంది. డప్పులు, గులాలు. కొత్త సర్పంచి మెడనిండా దండలతో అరుగు మీద నిలబడి ఉంది. పక్కన భార్గవి, చెంపలకు గులాలు పూసుకుని, తల్లిని చూసి కదలబోయింది. పెంచలమ్మ పాప చెయ్యి వదల్లేదు.

సరిగ్గా అప్పుడే ఎవరో వెయ్యివాలా టపాసుల సరం అంటించారు.

అలివేలమ్మ వేళ్ళు వచ్చి సుందరమ్మ మణికట్టును బిగించి పట్టుకున్నాయి. పెదవులు కదులుతున్నాయి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. టపాసులు పేలి పేలి ఆగిపోయాయి. పొగలో జనమంతా కోడలినే చూస్తున్నారు. బియ్యం మూటల కథ తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

"అలివేలూ," అంది పెంచలమ్మ పైనుంచి. "నిజం చెప్పు. ఇప్పుడు నా ముందర నిలబడింది ఎవరు? నువ్వా, ఆయప్పా?"

సుందరమ్మ జవాబు చెప్పబోయింది. ఆదినారాయణ ఆమె మోచెయ్యి నొక్కాడు.

అలివేలమ్మ సుందరమ్మ చెయ్యి వదిలేసి రెండడుగులు ముందుకు వేసింది. "అందరం ఉండాం అత్తా," అంది, అందరికీ వినపడేట్టు. "ముగ్గురం మాట్లాడుకొనే వచ్చినాం. ఇంక మీదట పాపను దాచిపెట్టేది ఉండదు, ఆయన మాటిచ్చినాడు. నువ్వు దాన్ని ఒక్కదానివే చూసుకుంటాండావు. ఆడ దాన్ని చూసుకునేకి మేం ముగ్గురం ఉండాం. నా బిడ్డను నాకు ఇయ్యి."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. పెంచలమ్మ నవ్వలేదు. కోడలి కళ్ళలోకి చాలాసేపు చూసింది. ఆ చూపుకు అలివేలమ్మ చూపు తిప్పుకోలేదు. పెంచలమ్మ కళ్ళలో ఉన్నట్టుండి నీళ్ళు ఊరాయి. తొమ్మిది నెలలుగా ఆమె కూడా భయపడుతూనే బతికింది, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

"గంగిరెడ్డీ, ఇనపడతాందా?" అంది చివరికి, ఊళ్ళో ఏ మగమనిషినైనా పలకరించినట్టు. "ఈ పిల్లకు పొద్దున్నే పాలు తాపందే బడికి పంపొద్దు. నువ్వు చూసుకో."

ఆమె వేళ్ళు సడలించి పాప చెయ్యి విడిచింది. భార్గవి అరుగు మీదినుంచి ఒక్క దూకు దూకింది.